మన నవలల్లో మనిషి ఎక్కడి నుంచి వస్తాడు?

"ఫలానా నవలలో నాయకుని పాత్ర చిత్రణమును వివరింపుము." ఈ ప్రశ్న ఏటేటా వస్తుంది. మన జవాబు కూడా ఏటేటా ఒకటే. ఆ పాత్ర సజీవమైనది, సహజమైనది, పరిస్థితుల ప్రభావానికి లోనై చివరకు ఇట్లా అయినది. పదహారు మార్కుల ప్రశ్నకు పది మార్కులు ఖాయం. ఆ పది మార్కుల మీద నాకు కోపం లేదు. ఆ జవాబులోని "పరిస్థితుల ప్రభావం" అనే మాట మీదనే నా ఫిర్యాదంతా. ఏ పరిస్థితి? ఎవరి ఇంట్లో? ఎంత అప్పు? ఏ కులం, ఏ ఊరు? ఇవేవీ చెప్పకుండా మనిషిని మొత్తంగా వివరించేశామని అనిపించుకునే మాట అది. వర్షాభావ పరిస్థితులు అని ప్రభుత్వం వారు అంటారే, అట్లాంటిది. ఎండిపోయిన చేను ఎవరిదో ఆ మాటలో కనపడదు.

నవలలో పాత్ర గాలిలోంచి ఊడిపడదు. తల్లి కడుపులోంచి వస్తుంది, ఒక ఇంటిపేరుతో వస్తుంది, చాలాసార్లు ఆ ఇంటి అప్పుతో సహా వస్తుంది. ఇంతవరకు అందరం ఒప్పుకుంటాం. నేను చెప్పదలచిన ముక్క ఆ తరవాతది. ఇల్లూ కష్టమూ మనిషిని తయారుచేస్తాయన్నది సగం మాటే. ఒకే ఇల్లు ఇద్దరిని రెండు రకాలుగా చేస్తుంది. ఒకే పరువు డబ్బున్నవాణ్ణీ చంపుతుంది, లేనివాణ్ణీ చంపుతుంది. దీన్ని చూపించగలిగినవాడే నవలాకారుడు. మిగిలినవాళ్ళు కథ చెప్పేవాళ్ళు. కథ చెప్పడం తక్కువ పని అని నేననడం లేదు.

గోపీచంద్ గారి "అసమర్థుని జీవయాత్ర" తీసుకోండి. ఆయన మా ఉమ్మడి కృష్ణా జిల్లా అంగలూరు వారు. సీతారామారావుకు తిండికి లోటు లేదు, పుట్టుకలో లోటు లేదు. ఉన్న జబ్బల్లా వంశ ప్రతిష్ఠ. దాన్ని నిలబెట్టడం తన పనేనని నమ్మి ఆస్తిని చేతికి ఎముక లేకుండా పంచాడు. ఆస్తి పోయాక మెచ్చుకున్నవాళ్ళూ పోయారు. అప్పుడైనా మామూలు మనిషిగా బతకొచ్చు కదా? బతకలేడు. బతకడానికి కావలసిన చిన్న చిన్న పనులు ఆ ఇంట్లో అతనికి ఎవరూ నేర్పలేదు. గొప్పగా ఇవ్వడం ఒక్కటే నేర్పారు. భార్యను సాధించాడు, లోకాన్ని తిట్టాడు, చివరికి శ్మశానంలో తనను తానే హింసించుకుని చచ్చాడు. అందరూ అతన్ని బలహీనుడంటారు. నాకైతే అతను మరీ విధేయుడైన కొడుకుగా కనిపిస్తాడు. ఆ నవల రాసిన మనిషేమో త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కుమారుడు. ప్రశ్నించడం నేర్పిన తండ్రికే ఆ పుస్తకం అంకితమిచ్చారు. ప్రశ్న నేర్పిన తండ్రి కొడుకు, ప్రశ్న నేర్వని కొడుకు కథ రాశాడన్నమాట.

ఇప్పుడు ప్రేమ్‌చంద్ "గోదాన్" (1936) పక్కన పెట్టి చూడండి. హోరీకి వంశ ప్రతిష్ఠ అనే పెద్ద మాట తెలియదు. అతనికి మర్యాద అనే మాట తెలుసు. గుమ్మంలో ఒక ఆవు ఉండాలన్నది అతని కోరిక. వచ్చిన ఆవుకు తమ్ముడే విషం పెట్టాడు. పోలీసులు వచ్చి ఆ తమ్ముడి ఇల్లు సోదా చేస్తామంటే, ఇంటి పరువు పోతుందని హోరీ అప్పు చేసి మరీ లంచం ఇవ్వబోతాడు! భార్య ధనియా అడ్డం పడకపోతే ఇచ్చేవాడే. ఆవూ పోయి అప్పూ మిగిలేది. సీతారామారావు ఆస్తి ఉండి చచ్చాడు, హోరీ ఆస్తి లేక చచ్చాడు, ఇద్దరి మెడకూ ఉన్న తాడు మాత్రం ఒకటే. కాబట్టి పేదరికం ఒక్కటే మనిషిని చేస్తుందని, చెరుస్తుందని వాదించే మిత్రులు ఈ రెండు పుస్తకాలూ ఒకేవారంలో చదవాలని నా మనవి. తేడా కూడా గమనించాలి. సీతారామారావు కష్టాన్ని తెచ్చుకున్నాడు. హోరీ దగ్గరికి కష్టం నడిచి వచ్చింది. పరువు కోసం ఆకలితో ఉండటమూ, ఆకలిలోనూ పరువు చూసుకోవటమూ ఒకటి కావు.

కష్టం మనిషిని పుటం పెట్టిన బంగారంలా చేస్తుందనే మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. వేదిక మీద కూర్చున్నవాళ్ళే ఎక్కువగా అంటారనుకోండి. ఇది నాకు అసలు నచ్చని మాట. డాక్టర్ పి. శ్రీదేవి గారి "కాలాతీత వ్యక్తులు" ఆ మాటకు మంచి జవాబు. 1957-58లో "తెలుగు స్వతంత్ర"లో వచ్చిన నవల. రచయిత్రి స్వయంగా డాక్టరు, 1961లో చిన్న వయసులోనే పోయారు. అందులో ఇందిర ఉంది, కల్యాణి ఉంది. ఇద్దరికీ ఇంట్లో ఆధారం లేదు. ఇందిర తండ్రి ఆనందరావు బాధ్యత తెలియని మనిషి, కూతురు సంపాదన మీద బతుకుతాడు. కల్యాణి తండ్రిని పోగొట్టుకున్న పిల్ల. కష్టం ఇద్దరిదీ. కాని కల్యాణిలో అది మౌనమైంది, ఇందిరలో అది లెక్కయింది. నాకేం దక్కుతుంది అని ఇందిర అడుగుతుంది. ఆడపిల్ల అట్లా పైకి అడగడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతి! ఇందిరను స్వార్థపరురాలని కొట్టేసే విమర్శకులున్నారు. ఇంటద్దె కట్టే ఆడపిల్లను స్వార్థపరురాలనడం ఎవరికి తేలిక? ఇంటద్దె కట్టనక్కరలేనివాళ్ళకు. ఆమె మాటకారితనం, ఆమె తొందర, మనుషుల్ని తూచే ఆ చూపు, అవన్నీ ఆ తండ్రి ఇంట్లో తయారైనవే. ఆమె వాటిని చేతి కర్రగా వాడుకుంది. పుటం పెట్టిన బంగారం సంగతి నాకు తెలియదు గాని, కాలిన చెయ్యి మాత్రం ఇట్లాగే ఉంటుంది.

ఒకే ఇంటి బిడ్డలు వేరువేరు దారుల్లో పోవడాన్ని ఉన్నవ లక్ష్మీనారాయణ గారు అంతకుముందే, 1920లలోనే చూపించారు. "మాలపల్లి"లో రామదాసు వేదాంతి, శాంతమూర్తి. చిన్న కొడుకు సంగదాసు సంస్కారం, స్నేహం, కూలివాళ్ళ న్యాయం అంటూ పోయి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. పెద్ద కొడుకు వెంకటదాసు ఇల్లు విడిచి జగ్గడై ధనికుల్ని దోచి పేదలకు పంచాడు. ఒకే తండ్రి, ఒకే గుడిసె, ఒకే అవమానం. మరి ఒకడు అట్లా, ఒకడు ఇట్లా ఎందుకయ్యారు? "పరిస్థితుల ప్రభావం" అని రాసేస్తే ఇది విడదు. తండ్రి శాంతం ఒక కొడుక్కి మార్గమైంది, ఇంకొక కొడుక్కి భరించరానిదైంది. తండ్రిని చూసి నేర్చుకునేవాళ్ళున్నట్టే, తండ్రిలా కాకూడదని నేర్చుకునేవాళ్ళూ ఉంటారు. ఆ పుస్తకాన్ని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించిందంటే, జగ్గడికి భయపడిందో సంగదాసుకు భయపడిందో గాని, ఆ ఇంటికి భయపడిందన్నది నిజం.

ఇక పేరు సంగతి. మనం ఎవరం అన్న ప్రశ్నకు మొదటి జవాబు పేరే కదా. జి. కల్యాణరావు గారి "అంటరాని వసంతం" (2000) చదివినవాళ్ళకు పేర్లే ఒక చరిత్రగా కనిపిస్తాయి. ఎల్లన్న, సుభద్ర. తరవాత శివయ్య. ఆ తరవాత రూబెను, ఇమ్మానుయేలు, జెస్సీ. మతం మారింది, పేరు మారింది, ఊరు చూసే చూపు మారలేదు. రూతు జ్ఞాపకాల్లోంచి ఆ తరాలన్నీ నడిచి వస్తాయి. ఎల్లన్న ఆటా పాటా తెలిసిన కళాకారుడు. అంటరానితనం అతనికి కడుపు కోతనే కాదు, పాటను కూడా ఇచ్చింది. అయితే ఆ పాటను చూపించి అంటరానితనానికి ధన్యవాదాలు చెప్పేటంత తెలివితక్కువ పని రచయిత చెయ్యలేదు. ఈ జాగ్రత్త చాలా ముఖ్యం. కష్టంలోంచి మంచి వచ్చిందని చూపించడం వేరు, కష్టం మంచిదని చెప్పడం వేరు.

ఇవన్నీ పుస్తకాల ముచ్చట్లు, మనకేం అంటారా? మన హాస్టలుకే వద్దాం.

కిందటి ఎండాకాలం ఒక మిత్రుడి తండ్రి గంపలో చిన్న రసాలు పెట్టుకుని హాస్టలుకు వచ్చాడు. పంచె, తలగుడ్డ. గదిలో నలుగురం ఉన్నాం. "ఎవరు?" అని ఒకరు అడిగితే మిత్రుడు "మా ఊరాయన" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. "అవును బాబూ, వీళ్ళ ఊరే" అని పళ్ళు అందరికీ పంచి బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ మిత్రుణ్ణి దుర్మార్గుడని నేననను. డికెన్స్ "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్" (1861)లో పిప్ అనే కుర్రాడు తనను పెంచిన కమ్మరి జో లండను వస్తున్నాడంటే సిగ్గుతో చచ్చిపోతాడు; డబ్బిచ్చయినా సరే రావద్దనగలిగితే బాగుండుననుకుంటాడు. లండనయితేనేం, మన హాస్టలయితేనేం? చదువు మనకు మొదట నేర్పేది సిగ్గుపడటం. ఎవర్ని చూసి సిగ్గుపడాలో కూడా అదే నేర్పుతుంది. నవీన్ గారి "అంపశయ్య"లో రవి ఉస్మానియా హాస్టల్లో ఒక్క రోజంతా పడే నలుగుబాటు ఇదే జాతిది. ఊరిని మొయ్యలేడు, దించుకోలేడు. 1969లో వచ్చిన ఆ నవల చదివితే మన గది కిటికీలోంచి ఎవరో తొంగిచూసినట్టుంటుంది.

మాది చాట్రాయి. నూజివీడు రసాల సీమ. ఒక పక్క తెలంగాణ సరిహద్దు. 2022 ఏప్రిల్‌లో మా మండలం కృష్ణా జిల్లా లెక్కలోంచి ఏలూరు జిల్లా లెక్కలోకి వెళ్ళింది. మా అమ్మమ్మ మాత్రం ఎవరడిగినా కృష్ణా జిల్లా వాళ్ళమనే చెబుతుంది. కాగితం మీద మారినంత తొందరగా మనిషిలో మారదు, ఇది కూడా పాత్ర చిత్రణే.

నేను చదివిన నవలల్లో మామిడితోట ఎక్కువగా నాయికా నాయకులు కలుసుకునే చోటు. కోయిల కూస్తుంది, పూత రాలుతుంది. మా వైపు పూత రాలితే కోయిల గుర్తుకురాదు, అప్పు గుర్తుకొస్తుంది. డిసెంబరు, జనవరుల్లో పూత చూసి వ్యాపారి తోట బేరం చేస్తాడు. పూతను అమ్మినవాడికి కాయ మీద హక్కు లేదు. మంచు ముంచినా, తేనెమంచు పురుగు పట్టినా, ఏప్రిల్‌లో గాలివాన కొట్టినా ఆ పూత మీద మూడు నాలుగు ఇళ్ళు కూలుతాయి. రైతు, కొన్నవాడు, వాడికి బాకీ పెట్టినవాడు, కాపలా కుటుంబం. అటువంటి ఇంట్లో పుట్టిన పిల్ల మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఏ సంతోషాన్నయినా "చూద్దాం, గాలి రానీ" అంటుంది. రచయిత ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు, నాలుగు పేజీల వర్ణన మిగుల్తుంది.

కాయ కోసేవాడి చేతులు మీరు చూశారా? చిక్కం కర్ర పట్టుకుని తెల్లవారుజాము నుంచి కోస్తాడు. తొడిమె విరిగినప్పుడు సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితే కాలి నల్లటి మచ్చ కడుతుంది. సొన పడిన కాయను వ్యాపారి పక్కన పారేస్తాడు, ధర తగ్గిస్తాడు. సొన పడిన మనిషి సంగతి ఎవరూ లెక్క కట్టరు. మచ్చ పడిన కాయల్ని వేరుచేసే ఆడవాళ్ళు రోజంతా కూర్చుని ఏం మాట్లాడుకుంటారు? ఎవరి కోడలు, ఎవరి బాకీ, ఎవరి పిల్ల ఇంటరుతో చదువు మానింది, ఇదంతా ఆ కుప్ప దగ్గర తేలుతుంది. కాపలా కుటుంబం మూడు నెలలు తోటలో పాకలో ఉంటుంది. ఆ పిల్లలకు బడి ఏప్రిల్‌కు ముందే అయిపోతుంది.

వాసిరెడ్డి సీతాదేవి గారు "మట్టిమనిషి"లో సాంబయ్యను నిలబెట్టారు. భూమిని కొడుకు కంటే దగ్గరగా చూసుకున్న రైతు అతను. గుంటూరు సీమ మట్టి అట్లా నవలకెక్కింది. మా ఎర్రమట్టికీ ఒక మనిషి కావాలని నాకు ఆశ. లెక్చరరు గారొకరు ఈ మాట విని, "నవల సాంఘిక సర్వే కాదయ్యా, వ్యక్తి ముఖ్యం" అన్నారు. నిజమే సార్. అయితే సీతారామారావులోంచి వంశ ప్రతిష్ఠను తీసేస్తే మిగిలే వ్యక్తి ఎవరు? ఇందిరలోంచి ఆనందరావును తీసేస్తే? వ్యక్తి ముఖ్యం కనుకనే అతని ఇల్లు ఎక్కడుందో మనకు తెలియాలి.

వారపత్రికల నవలలను కూడా తేలిగ్గా తీసిపారెయ్యను. యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ"ని మా అమ్మ తరం ప్రాణంగా చదివింది. అందరూ కారున్న నాయకుణ్ణే గుర్తుంచుకున్నారు గాని, మా అమ్మకు గుర్తున్నది జయంతి ఉద్యోగం. ఆడపిల్ల జీతం తెచ్చుకోవడం అనే మాట ఆమెకు ఆ పుస్తకంలోంచి వచ్చింది. నన్నిక్కడికి పంపించినప్పుడు మా అమ్మ వాదించిన తీరు వింటే, పాత్రలు కూడా మనుషుల్ని తయారుచేస్తాయని ఒప్పుకోక తప్పదు.

మన విద్యార్థి సంఘం వారు ఈ ఏడు కథల పోటీ పెట్టదలిస్తే ఒక చిన్న నిబంధన చేర్చమని అడుగుతున్నాను. కథలో ప్రధాన పాత్ర ఎవరైనా సరే, ఆ ఇంట్లో ఎవరి సంపాదన మీద ఎవరు బతుకుతున్నారో చదివేవాడికి తెలియాలి. రసాల గంప తెచ్చిన ఆ పెద్దాయన కొడుకు కథ రాస్తాడేమో నాకు తెలియదు. రాస్తే మాత్రం, నేనే మొదట చదవాలని చెప్పి పెట్టాను.