వైకుంఠధామం సరే, మంచం పక్కన మనిషేరీ?

ఏ ఊరి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తిరగేసినా ముందు కనిపించేవి సీసీ రోడ్లు, సైడు కాలువలు, వీధిదీపాలు, బోరు మరమ్మతులు. మంచాన పడ్డ ముసలమ్మకు పక్క మార్చేదెవరు, ఎదుగుదల లేని కొడుకును ఇంట్లో వదిలి కూలికి పోలేని తల్లికి ఆసరా ఏమిటి అన్న పద్దు మాత్రం వెతికినా దొరకడం కష్టం. సర్పంచులకు మనసు లేక కాదు. పంచాయతీలకు డబ్బిచ్చే తీరు, వాటి పనిని కొలిచే తీరు అలా ఉన్నాయి.

ఆర్థికాభివృద్ధితో పాటు సామాజిక న్యాయానికీ ప్రణాళికలు వేసుకొమ్మని రాజ్యాంగంలోని 243జి అధికరణం చెబుతోంది. 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో వికలాంగుల సంక్షేమమూ ఉంది. 1993 నుంచి అమల్లో ఉన్న మాటే ఇది. 15వ ఆర్థిక సంఘం మాత్రం 2021-26 గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. మిగతా 40 శాతంలోంచి జీతాలివ్వడానికి వీల్లేదంది. సంరక్షణ అంటేనే మనిషి, మనిషంటే జీతం. ఇక పంచాయతీ ఏం చేస్తుంది?

2025 ఏప్రిల్‌లో కేంద్రం విడుదల చేసిన పంచాయతీల పురోగతి సూచీలో ముందు వరుసలో నిలిచిన 270 పంచాయతీలతో తెలంగాణ దేశంలో రెండో స్థానంలో నిలిచింది. సంతోషమే. ‘సామాజిక భద్రత గల గ్రామం’ అన్న శీర్షికా అందులో ఉంది. అక్కడ తూచేది ప్రధానంగా పథకాలు ఎంతమందికి చేరాయన్నదే. పథకం చేరితే సరిపోతుందా? ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 2024 జులై నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మెచ్చాల్సిన పని. అయితే ఒకటో తేదీన వచ్చి వేలిముద్ర వేయించుకు వెళ్లే ఉద్యోగికి వీపు మీది పుండుతో నిమిత్తం లేదు. రెండో తేదీ నుంచి నెలాఖరు దాకా అది కోడలి పనో కూతురి పనో. ఆమె గడప దాటి గ్రామసభకు రాలేదు. రాని మనిషి కష్టం తీర్మానంలోకి ఎక్కదు.

చట్టం తలచుకుంటే ప్రణాళిక మారదా? తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాల్సిందేనంది. వైకుంఠధామాల పేరుతో ఊరూరా శ్మశానవాటికలు లేచాయి. మొక్కకూ శవానికీ పద్దు రాసిన చేతులు, ఆ మధ్యలో మంచాన ఉన్న ప్రాణాన్ని వదిలేశాయి.

కేరళ 2008లోనే విధానం ప్రకటించి ఉపశమన సంరక్షణను స్థానిక సంస్థల చేతిలో పెట్టింది. నర్సు సంచి భుజాన వేసుకుని ఇంటికే వస్తుంది. గాయం కడుగుతుంది, గొట్టం మారుస్తుంది, ఇంట్లోవాళ్లకు నేర్పుతుంది. పారిశుద్ధ్య కార్మికులకే జీతాలివ్వలేని పంచాయతీలకు ఇది సాధ్యమా అంటారా? న్యాయమైన ప్రశ్నే. అందుకే వేతన భారం రాష్ట్రాలే మోయాలి. ఆర్థిక సంఘం నిధులు విద్యుత్ బకాయిల కింద మళ్లిపోయాయని సర్పంచులు రోడ్డెక్కిన ఆంధ్రప్రదేశ్‌లో వేతనాలకు రాష్ట్రం హామీ మరీ అవసరం.

పచ్చదనానికి లాగే సంరక్షణకూ బడ్జెట్‌లో వాటాను రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టంలో రాయాలి. మంచాన ఉన్నవారు, ఒంటరి వృద్ధులు, తోడు లేనిదే కదల్లేని వికలాంగుల జాబితాను ఆశా కార్యకర్తతో ఇంటింటికీ తిరిగి రాయించాలి. అది జతపరచని ప్రణాళికను ఆమోదించకూడదు.