ఐసియులో ‘ఆగండి’ అనే హక్కు

మనవాళ్లు ఐసియు తలుపు బయట చెప్పులు విడిచి కూర్చుంటారు. లోపల ఏం జరుగుతోందో అడగరు. అడగాలంటున్నాం మేము.

తెచ్చుకున్న జబ్బు ఒకటి. పెద్ద రక్తనాళంలో వేసిన గొట్టం వెంట క్రిములు నెత్తురులో చేరి ప్రాణం తీయడం ఇంకొకటి. ఇది తలరాత కాదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 2003లో దీన్ని పట్టుకున్నారు. నియమాలు అయిదే: చేతులు కడగాలి, మందుతో చర్మం తుడవాలి, రోగిని శుభ్రమైన గుడ్డతో నిండుగా కప్పాలి, తొడ దగ్గర గొట్టం వీలైనంత వరకు వేయొద్దు, అక్కర తీరగానే తీసేయాలి. లెక్కలిచ్చిన 103 ఐసియుల్లో కనీసం సగం మూడు నెలల్లోనే సున్నాకు దిగాయి. కొత్త మందేమీ లేదు. డాక్టరు ఒక్క నియమం తప్పినా ‘ఆగండి’ అనే అధికారం నర్సుకిచ్చారు. అసలు సంగతి అదే!

మన సర్కారు ఆసుపత్రులకూ 2013 నుంచి జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. కానీ నేల తుడిచే మన అక్క గ్లవుజులు లేవని నోరెత్తితే కాంట్రాక్టరు రేపట్నుంచి రావద్దంటాడు. ఇక ఆమె డాక్టరును ఆపేదెక్కడ?

నాణ్యత కమిటీలో నర్సుకు, సఫాయి కార్మికురాలికి కుర్చీ వేయాలి. నెలనెలా ఇన్‌ఫెక్షన్ల లెక్క ఐసియు తలుపు మీద తెలుగులో రాయాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం కూర్చున్న రోజున ఈ రెండూ అడగడానికి కదలండి.