కుర్చీ ఇచ్చాం కదా!

ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో స్వచ్ఛంద సంస్థల వాళ్లం కొందరం కలిశాం. నాయకత్వ స్థానాల్లో స్త్రీల గురించి చర్చ. ఒక పెద్దమనిషి, మన ఉద్యమాలకు కొత్తవాడేం కాదు, "రెవెన్యూ లాంటి చోట్ల ఆడవాళ్లను వేయకపోవడమే వాళ్లకు మంచిదేమో మేడమ్, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఏమైందో చూశాం కదా" అన్నాడు. సానుభూతితోనే అన్నాడు. ఎవరూ బదులివ్వలేదు. నాకూ వెంటనే నోరు పెగల్లేదు. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పట్టపగలు ఒక వ్యక్తి పెట్రోలు పోసి తగలబెట్టాడు. కాపాడబోయిన డ్రైవర్ గురునాథం కాలిన గాయాలతో మరునాడు చనిపోయాడు. నిప్పంటించిన మనిషీ కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. కారణం భూతగాదా. ఆ తర్వాత రెండు రకాల మాటలు వినబడ్డాయి. "పాపం ఆడమనిషి" అని ఒకటి. "లంచాల శాఖకు తగిన శాస్తి" అని ఇంకొకటి. మొదటి మాటలో ఆమె అధికారి కాకుండా పోయింది, రెండోదాంట్లో మనిషే కాకుండా పోయింది.

రెవెన్యూ శాఖలో లంచాలు లేవని నేను వాదించను. పాసుపుస్తకం కోసం ఏళ్ల తరబడి తిరిగిన రైతు కడుపుమంట అబద్ధమనీ అనను. కానీ ఆ మంట ఎక్కడ పుట్టింది? ఔటర్ రింగ్ రోడ్డు, ఫిల్మ్ సిటీ వచ్చాక ఆ ప్రాంతంలో గుంట భూమి కూడా బంగారమైంది. 2017లో రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి, వివాదం ఉన్న భూముల్ని "పార్ట్ బి" అంటూ పక్కన పెట్టారు. 2018లో రైతుబంధు వచ్చింది, కొత్త పాసుపుస్తకం లేనివాడికి అదీ అందలేదు. హక్కు ఎవరిదో తేల్చేవి కోర్టులు. నిబంధనలు రాసేది సచివాలయం. రైతుకు కనిపించేది మాత్రం తహసీల్దార్ ముఖం ఒక్కటే. 2020లో ధరణి వచ్చాక రికార్డులో తప్పు దిద్దే అధికారాన్ని కలెక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. అర్జీదారు మాత్రం మళ్లీ మండలాఫీసు మెట్ల మీదే. 2025లో భూభారతి చట్టం తెచ్చేదాకా సాగిన కథ ఇది.

ఆ కుర్చీలో మగవాడున్నా ఇదే మంట ఎదురయ్యేది కదా, ఇందులో స్త్రీల ప్రశ్న ఏముంది అని అడగవచ్చు. ఉంది. మగ అధికారి మీద దాడి జరిగితే మగవాళ్లను ఆ పోస్టుల్లో వేయొద్దని ఎవరూ అనరు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రోజబెత్ మాస్ కాంటర్ ఒక పెద్ద కంపెనీని పరిశీలించి 1977లోనే చెప్పింది: కొద్దిమందిగా ఉన్నచోట స్త్రీ తనొక్కతే కాదు, జాతి మొత్తానికీ ప్రతినిధి అయిపోతుంది. ఆమె తడబడితే స్త్రీలందరూ తడబడినట్టే. ఆమెను చంపితే, పనికిరానిదీ ఆమే!

2015లో ముసునూరులో ఇసుక తవ్వకాలను ఆపబోయిన తహసీల్దార్ వనజాక్షి మీద దాడి జరిగింది. 2019 జూన్‌లో, విజయారెడ్డి హత్యకు నాలుగు నెలల ముందు, ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ అనితను కర్రలతో కొట్టారు. ఈ రెండూ ఒకటి కాదు. ఇసుక వ్యాపారం వేరు, సార్సాలలో సాగుచేసుకుంటున్న భూమిలో మొక్కలు నాటుతుంటే పుట్టిన కోపం వేరు. ఆ కోపంతో నాకు పేచీ లేదు, దాన్ని వెనకుండి నడిపించే నాయకులతోనే. పేదల నుంచి భూమి తీసుకోవాలని పైన ఎవరో నిర్ణయిస్తారు, ట్రాక్టర్‌తో వెళ్లి నిలబడేది ఆమె. దీన్నా మనం నాయకత్వం అని లెక్కవేసుకుంటున్నది?

హత్య తర్వాత దొరికిన పరిష్కారం ఏమిటి? పత్తికొండలో ఒక మహిళా తహసీల్దార్ తన గదిలో అడ్డంగా తాడు కట్టించుకుందని పత్రికలు రాశాయి. ఆమెను నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. ప్రభుత్వం ఇవ్వని భద్రతను ఆమె తాడుతో కట్టుకుంది. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం 19వ సెక్షన్, పనిచోటికి వచ్చిపోయే మనుషుల నుంచి కూడా రక్షణ ఉండేలా చూడటం యజమాని బాధ్యత అంటుంది. ఇలాంటి హత్యల కోసం రాసింది కాదు నిజమే. అయినా ఆ మాటను పట్టుకుని ఎన్ని మండలాఫీసులను మనం నిలదీశాం? కమిటీ వేశారా, బోర్డు పెట్టారా అని అడిగి వచ్చేశాం.

తప్పు మనలోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగాల్లో స్త్రీలకిచ్చిన 30 శాతాన్ని 1995లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు మనం గెలిచాం, న్యాయంగానే సంబరపడ్డాం. ఆ తీర్పు రాసిందీ ఒక స్త్రీయే, జస్టిస్ సుజాతా మనోహర్. అప్పటినుంచి కుర్చీలు లెక్కపెట్టడంలోనే ఉండిపోయాం. ఆ కుర్చీకి ఏ అధికారం ఉంది, ఏ కులపు స్త్రీ దాకా అది వచ్చింది, దాని పక్కనే నిలబడే డ్రైవర్‌కూ అటెండర్‌కూ ఏ రక్షణ ఉంది అని అడగడం మానేశాం.

ఆ రోజు మాట్లాడిన పెద్దమనిషిని నేను అడగాల్సింది ఇంకొకటుంది. నేను చూసిన చాలా సంస్థల్లో బస్తీకి, ఊరికి వెళ్లి తిట్లు తినే కార్యకర్త దళిత స్త్రీ. డైరెక్టర్ మగవాడు. ఫోటోలో ఆమె ముందు వరసలో ఉంటుంది, చెక్కు మీద సంతకం మాత్రం అతనిది. బడ్జెట్ కూర్చునే రోజు ఆమెను ఫీల్డుకు పంపుతారు. మీ దగ్గర ఆ రోజు ఆమె ఎక్కడుంటుంది సార్?