మఫిన్‌ని తిట్టే ముందు పిండి డబ్బా చూడండి

మఫిన్ మన తిండి కాదంట. వేలూరు, గుడియాత్తంలో ఉన్న మన బంధువులు చాలామంది అనే మాట ఇది. రాగిపిండితో మఫిన్లు చేసి, దబ్బకాయ మురబ్బాతో పొద్దున పిల్లలకి పెడుతున్నామని తెలిసినప్పటి నుంచి ఒకటే గొణుగుడు: "ఇంటి సంప్రదాయం రాసే చోట దొరల కేకులెందుకు?" పెద్దల మీద గౌరవం ఉంది కానీ, ఈ మాట మాత్రం ఒప్పుకోం.

బయట నుంచి వచ్చింది కూడదంటే ముందు ఊరగాయలో మిరపకాయ తీసెయ్యాలి. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. పొద్దున్నే కాఫీ ఆపెయ్యాలి. అంతెందుకు, రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. కొన్ని వేల ఏళ్ళ కిందట వచ్చి మనదైపోయింది. అటు దొరలు రొట్టెకి పూసుకునే ఆరెంజ్ మార్మలేడ్ సంగతి చూడండి. ఆరెంజ్ అనే మాట వెనక ఉన్నది సంస్కృత నారంగం. ఆ మాట మూలం ద్రావిడ భాషల్లో ఉందని చెప్పే భాషావేత్తలూ ఉన్నారు. అంటే ఎవరి తిండి ఎవరిది?

మనదా కాదా అని అడగాల్సింది గిన్నె ఆకారాన్ని కాదు, అందులోని గింజని. మఫిన్‌ని తిట్టే ఇళ్ళల్లోనే పొద్దున తెల్ల బ్రెడ్డు, సీసా జాము నడుస్తున్నాయి. రాగిపిండి డబ్బా మాత్రం కనపడదు. 1983లో ఆంధ్రలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2011 నుంచి తమిళనాడులో కార్డు బియ్యం ఉచితం. లేనివాళ్ళ కడుపు నిండింది, దానికి వంక పెట్టం. కానీ ఉన్నవాళ్ళు కూడా రాగిని పేదల తిండని పక్కన పెట్టేశారే, అదీ మా బాధ. ఆడి నెలలో అమ్మవారి గుడి దగ్గర కూళు పోస్తే చెంబు పట్టుకుని భక్తిగా నిలబడతాం. మిగతా పదకొండు నెలలు అదే రాగి అంటే నామోషీ.

అలాగని అంగట్లో 'మల్టీగ్రెయిన్' అని రాసిన ప్రతి మఫినూ మంచిదనం. మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళున్నారు, పేరు చూసి పాస్ చెయ్యరు. ప్యాకెట్ వెనక దినుసులు బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలని నియమం. మొదటి మాట మైదా, రెండోది చక్కెర అయితే అది కేకే. రాగి గింజ చాలా చిన్నది, పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. అందుకే మామూలుగా పొట్టుతోనే పిండి పడుతుంది. నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం.

చెయ్యడం కష్టమేం కాదు. రాగిలో గ్లూటెన్ లేదు, అది ఒక్కటే అయితే పొడిపొడి అవుతుంది. కప్పు రాగిపిండికి కప్పు గోధుమపిండి కలపండి. ముప్పావు కప్పు బెల్లం పొడి, ఒకటింపావు కప్పు పెరుగు, పావు కప్పు నూనె వేసి పావుగంట నాననివ్వండి. ఆ తర్వాతే ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా సోడా. 180 డిగ్రీల్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మురబ్బాకి దబ్బకాయ తొక్కు సన్నగా తరిగి రాత్రంతా నానేసి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడకనివ్వాలి. బెల్లం ఆ తర్వాతే. ముందే వేస్తే తొక్కు గట్టిపడిపోతుంది. చేదు కాస్త మిగలాలి, రుచంతా అందులోనే.

ఇంకో మాట. వీధిలో మన పిల్లలకి ఆ కాయ నార్తంగాయ్. మాలో కన్నడంలో చదువుకున్నవాళ్ళకి హేరళెకాయి. దబ్బకాయ అన్న మాట మన ఇళ్ళలో బతకాలంటే, ముందు ఆ కాయ మన ఇంటికి రావాలి. వాడని వస్తువు పేరు మూడో తరానికి అందదు.

మఫిన్ వద్దంటారా, సరే. అదే పిండితో సంగటి కెలకండి, అంబలి కాచండి, మేమూ వచ్చి తింటాం. ఇది వద్దు, అదీ చెయ్యం అనేవాళ్ళు మాత్రం సంప్రదాయం పేరెత్తొద్దు.