లీటరు లెక్క సరే, కిలోల లెక్క ఏది?

బాల్కొండ రైతుకు గోదావరి అంటే పోచంపాడ్ కట్ట, కాకతీయ కాలువ నీళ్లు. నది సముద్రంలో ఎక్కడ కలుస్తుందన్నది ఇక్కడి ముచ్చట్లలో రాదు. కానీ కందకుర్తి దగ్గర మంజీర తెచ్చి కలిపేదీ, నాందేడ్ వైపు నుంచి గోదావరి మోసుకొచ్చేదీ ముందుగా చేరేది మన జలాశయానికే. వానకాలం గేట్లు లేస్తే ఇక్కణ్నుంచే అది యానాం దాకా, కోరింగ మడ అడవుల దాకా బయలుదేరుతుంది. ఆ దారి పొడవునా ఎవరు ఎన్ని కిలోల మురికి కలుపుతున్నారో కూడి చెప్పే లెక్క జనం ముందు ఉండాలి. కావలసిన అంకెలు చాలావరకు సర్కారు ఫైళ్లలోనే ఉన్నాయి.

1974 నాటి జల చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేనిదే ఏ ఫ్యాక్టరీ కూడా వ్యర్థజలం వదలరాదు. రోజుకు ఎంత వదలొచ్చో, అందులో ఏది ఎంతకు మించకూడదో ఆ సమ్మతి పత్రంలో రాసి ఉంటుంది. ఆ రెండూ గుణిస్తే నది మీద పడే భారం తేలుతుంది. చక్కెర ఫ్యాక్టరీనే తీసుకుందాం. 2016 నిబంధనల ప్రకారం టన్ను చెరకుకు 200 లీటర్లకు మించి వ్యర్థజలం వదలకూడదు. వాగులోకో నదిలోకో వదిలితే లీటరుకు బీఓడీ 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును ఎంత లాగేస్తాయో చెప్పే కొలతే బీఓడీ. రోజుకు 3,000 టన్నులు ఆడే ఫ్యాక్టరీ ఉందనుకుంటే 6 లక్షల లీటర్ల నీరు, 18 కిలోల బీఓడీ. శుద్ధి చేయకుండా లీటరుకు 1,000 మిల్లీగ్రాముల బీఓడీ ఉన్న నీటిని వదిలితే అదే 600 కిలోలు. ఒక్క రాత్రి దొంగచాటుగా వదిలింది నెల రోజుల నిజాయితీని మింగేస్తుంది.

అందుకే పత్రంలోని అంకెను వదిలినదాని కొలతగా తీసుకోకూడదు. అది హద్దు మాత్రమే. నిజం కావాలంటే ఫ్యాక్టరీలు ఏటా సెప్టెంబరు 30లోగా ఇచ్చే పర్యావరణ నివేదికనూ, భారీగా కాలుష్యం కలిగించే పరిశ్రమలకు 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తప్పనిసరి చేసిన ఆన్‌లైన్ మీటర్ల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది కాలం సంగతి. చెరకు ఆడేది నవంబరు నుంచి మార్చి దాకా. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు, మార్చి 1న కాస్త నీరు వదలడం తప్పిస్తే, అక్టోబరు 29 నుంచి జూన్ 30 దాకా మూసే ఉంటాయి. అంటే ఫ్యాక్టరీలు జోరుగా నడిచే నెలల్లోనే నది సన్నబడుతుంది. ఆగస్టు వరదలో అయితే 18 కిలోలు కనిపించకుండా పోవచ్చు, ఫిబ్రవరి మడుగులో అవే చేపలకు ఊపిరాడకుండా చేయవచ్చు. లీటరు హద్దు మాత్రం రెండు నెలలకూ ఒక్కటే.

ఇక పట్టణాల మురుగు. 2021లో కేంద్ర మండలి చెప్పిన ప్రకారం దేశంలోని పట్టణాల నుంచి రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగు వస్తే శుద్ధి అయ్యేది దాదాపు 2,023 కోట్లే. మిగతాది ఏ సమ్మతి పత్రంలోనూ కనబడదు. పసుపు, వరి పొలాల నుంచి కొట్టుకుపోయే యూరియాకు కూడా పత్రం ఉండదు. ఫ్యాక్టరీల లెక్క ఒక్కటే వేసి నదికి పట్టిన జబ్బు తేల్చలేం. కానీ ఆ లెక్క కూడా వేయకుంటే ఎవరి వాటా ఎంతో ఎన్నటికీ తేలదు.

అమెరికాలో చెసాపీక్ అఖాతం కోసం 2010 డిసెంబరులో ఈ పని చేశారు. ఆరు రాష్ట్రాలకూ, రాజధాని వాషింగ్టన్‌కూ కలిపి ఏడాదికి సుమారు 8.4 కోట్ల కిలోల నత్రజని దాటకూడదని అక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ హద్దు పెట్టి, ఎవరి వాటా ఎంతో పంచింది. మన దగ్గర మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మండళ్లు దేని ఖాతా అది రాసుకుంటున్నాయి. 2018లో కేంద్ర మండలి కలుషిత నదీ భాగాల జాబితాలో బాసర నుంచి ఖమ్మం దాకా గోదావరిని చేర్చింది. అక్కడ చూసిందీ లీటరుకు ఎంతన్నదే.

బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి కార్మికులనూ చెరకు రైతులనూ రోడ్డున పడేసింది. మళ్లీ తెరుస్తామన్న మాట వింటూనే ఉన్నాం. తెరవాలి, మనసారా కోరుకుంటున్నాను. తెరిచేనాడు ఇచ్చే సమ్మతి పత్రంలో లీటరు హద్దుతో పాటు నెలవారీ కిలోల హద్దు కూడా రాయాలి. ఎండాకాలం హద్దు వేరుగా ఉండాలి. ప్రతి నెలా వదిలిన కిలోలెన్నో ఫ్యాక్టరీ గేటు ముందు బోర్డు మీద, కందకుర్తి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి.