పుల్లరి నేర్పిన పాఠము

పలనాటి రైతునకు పుల్లరి యను మాట క్రొత్తగాదు. అడవిలో పశువులను మేపుకొనుటకు నాటి దొరతనమువారు విధించిన పన్ను అది. 1882 నాటి చెన్నపురి అడవుల చట్టముతో కొండలు రిజర్వులయ్యెను. తాతలనాటినుండి మందలు మేసినచోటనే రైతు పరాయివాడయ్యెను. 1921లో పలనాటివారు పుల్లరి చెల్లింపక, అధికారులను సాంఘికముగా బహిష్కరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసు గుండ్లకు బలియయ్యెను.

ఆ వీరుని తలచి గర్వించుటతో మన పని తీరదని మా యభిప్రాయము. నాడు సర్కారు అడవి నిలువవలెననెను. రైతు తన పశువు బ్రతుకవలెననెను. రెండును న్యాయమే. రెంటిని విడదీయుటయే తప్పు. హక్కును త్రోసివేసిన రక్షణ నెత్తురు చిందించినది. రక్షణను మరచిన హక్కు ఏమి చేయునో నేడు మన యూళ్లలోనే చూచుచున్నాము.

మేతబీడు దున్నబడినది. చెఱువులోనికి పొలము గట్టు జరిగినది. మేత లేక పశువు సంతకు పోయినది. పశువుతో పెంట పోయినది. పెంట లేని ప్రత్తి, మిరప చేలకు బస్తాల యెరువే దిక్కు. సత్తువ తగ్గిన నేలలో వాన నిలువదు, బావి యూరదు; బోరు లోతుతోబాటు అప్పును పెరుగును. బీడు పోయిన పెద్దరైతు మేత కొనును. కూలివాడు తన రెండు మేకలను అమ్ముకొనును. కావున బీడును గాచుట చెట్టుచేమల విచారము మాత్రమే గాదు, పేదవాని కూటి విచారము.

చట్టము లేకపోలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవి నాశ్రయించి బ్రతుకువారికి మేత హక్కుతోబాటు అడవిని కాపాడు హక్కును గూడ నొసగినది. గ్రామపు ఉమ్మడి భూముల యాక్రమణలను తొలగింపుడని 2011లో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాదేశించినది. పరిశుభ్రమైన పరిసరములు మానవహక్కని 2022 జూలై 28న ఐక్యరాజ్యసమితి మహాసభ తీర్మానించినది. అయినను కాగితము కంచెగాదు. ఆక్రమించినవాడు మన పొరుగువాడే, ఒక్కొక్కచో మన సంఘసభ్యుడే యగుటచేత మనము నోరు మెదపకున్నాము.

రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయుడని కోరుచున్నాము. రెవెన్యూ లెక్కలనుబట్టి ఉమ్మడి భూముల హద్దులు కొలిపింపుడు. తొలకరినుండి గడ్డి విత్తు రాలువఱకు బీడులో కొంతభాగమును మేతకు మూసి, ఏటేట ఆ భాగమును మార్చుడు. ఈ యేర్పాటులో భూమిలేనివారికిని స్త్రీలకును మాట యుండనిండు.

పుల్లరి కట్టమన్నవారి మనుమలము మనము. బీడును మనమే దున్నుకొన్నచో, ఇక సత్యాగ్రహము ఎవరిపై చేయుదుము?