ఊరి ఛానల్ ఊరందరికీ అందాలి: తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, రాజమహేంద్రవరంలోని స్థానిక కేబుల్ ఛానళ్ళలో పనిచేస్తున్న విలేకరులు, కెమెరామెన్లు, ఎడిటర్లు, ఆ ఛానళ్ళ ప్రేక్షకులు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: స్థానిక ఛానళ్ళ ప్రసార హక్కు, వరద, పుష్కరాల సమాచారం, పాత టేపుల పరిరక్షణ గురించి.

ఆర్యా,

1990ల మొదట్లో మన ఊళ్ళలో మేడల మీద డిష్‌లు లేచాయి, స్తంభం నుంచి స్తంభానికి కేబుల్ తీగలు సాగాయి. కేబుల్ ఆపరేటర్లు ఒక ఛానల్ ఖాళీగా ఉంచి, రాత్రిపూట వీసీఆర్‌లో సినిమా వేసేవారు. క్రమంగా ఆ ఛానల్‌లోకి ఊరి సంగతులు వచ్చాయి. సాయంత్రం లోకల్ న్యూస్, ఫోన్ చేసి అడిగితే వేసే పాటలు, పిల్లల ఫొటోలతో పుట్టినరోజు శుభాకాంక్షలు, అడుగున కదిలే స్క్రోలింగ్‌లో నీళ్ళ సరఫరా, కరెంటు కోత వివరాలు, దసరా ఉత్సవాలు, నాటక పరిషత్తు పోటీలు, అవధానాలు. 1995 కేబుల్ టెలివిజన్ చట్టం వచ్చాక ఇదంతా చట్టం నీడలోనే నడిచింది.

గోదావరికి వరద వస్తే ఈ ఛానళ్ళ అవసరం ఏమిటో తమకు తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఈ అంకెలు ఇక్కడ పిల్లలకూ నోటికి వచ్చు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు బ్యారేజీ దాటింది. అటువంటప్పుడు రాష్ట్రమంతటికీ ప్రసారమయ్యే ఛానల్ మూడవ హెచ్చరిక జారీ అయిందని చెబుతుంది. గోదావరి లంకలైన కేతావారిలంక, బ్రిడ్జిలంక వాసులకు అంతకు మించి కావాలి: పడవ ఏ రేవుకు వస్తుంది, పునరావాస కేంద్రం ఏ బడిలో పెట్టారు, పశువులను ఎక్కడికి తోలాలి. ఆ మాట చెప్పేది ఊరి ఛానలే.

కేబుల్ చట్టానికి 2011లో చేసిన సవరణతో ప్రసారాలు డిజిటల్ పద్ధతికి మారాయి. బొమ్మ బాగుపడింది, కాదనం. కానీ ఊళ్ళోని కంట్రోల్ రూమ్‌లోనే సిగ్నల్ కలుపుకొనే వీలు పోయి, దూరాన ఉండి స్థానిక కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ పంపే ఎంఎస్ఓ (మల్టీ సిస్టమ్ ఆపరేటర్) అనుమతిపై మా ఛానళ్ళు ఆధారపడవలసి వచ్చింది. 2022 నవంబరు 30న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఇచ్చిన ప్లాట్‌ఫామ్ సర్వీసుల (ఆపరేటర్లు సొంతంగా నడిపే స్థానిక ఛానళ్ళ) మార్గదర్శకాలు ఛానల్‌కు 1,000 రూపాయల రిజిస్ట్రేషన్‌తో గుర్తింపు ఇచ్చాయి, జిల్లా స్థాయిలో అదనంగా రెండు ఛానళ్ళకు చోటు కల్పించాయి. అందుకు కృతజ్ఞులం. వాటిలోనే ఉన్న రెండు నిబంధనలు మాత్రం చిన్న ఛానళ్ళకు భారమయ్యాయి. కనుక ఈ కింది కోరికలను తమ ముందు ఉంచుతున్నాము.

మొదటిది, మాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక ఎంఎస్ఓ వేదికపై వచ్చే స్థానిక కార్యక్రమం మరొక వేదికపై రాకూడదన్న నిబంధన నుంచి జిల్లా ఛానళ్ళకు సడలింపు ఇవ్వవలసిందిగా తాము మంత్రిత్వశాఖకు సిఫారసు చేయాలి. సెట్‌టాప్ బాక్స్ మార్చుకున్న ఇంటికి ఊరి వార్త ఆగిపోవడం న్యాయం కాదు. గుళ్ళు, గురుద్వారాల ప్రత్యక్ష ప్రసారాలను పంచుకోవడానికి ఆ మార్గదర్శకాలే మినహాయింపు ఇచ్చాయి. అదే మినహాయింపు వరద హెచ్చరికకు, ఊరి వార్తకు వర్తింపజేయమంటున్నాము. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మాది తీగ మీద నడిచే ప్రసారమే అయినా ఆ తీర్పులోని భావం మాకూ వర్తిస్తుందని నమ్ముతున్నాము.

రెండవది. స్థానిక వార్తలు ఇవ్వాలంటే కంపెనీగా నమోదై ఉండాలన్న నిబంధనలో సహకార సంఘాలకు, సొసైటీలకు కూడా చోటు ఇవ్వాలని సిఫారసు చేయాలి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో 2008 నుంచి ప్రసారమవుతోంది. రేడియోకు ఉన్న కమ్యూనిటీ విధానం టెలివిజన్‌కు లేదు. 1975లోనే గుజరాత్‌లోని ఖేడా జిల్లా పిజ్ గ్రామం నుంచి ఇస్రో పల్లెల కోసం స్థానిక టీవీ నడిపింది. ఆ ప్రయత్నానికి 1984లో యునెస్కో బహుమతి వచ్చింది. స్థానిక టీవీ మన దేశానికి కొత్త సంగతి కాదు.

మూడవది. వరద రోజుల్లో జిల్లా కంట్రోల్ రూమ్ నుంచి గంటగంటకూ అధికారిక సమాచారం మాకు అందాలి. 2027 గోదావరి పుష్కరాల్లో ప్రధాన ఘాట్ల వద్ద కెమెరాకు స్థలం కేటాయించాలి. 2015 జూలై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 25 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఏ ఘాట్‌లో రద్దీ ఉందో, కోటిలింగాల వైపు వెళితే మేలో కాదో యాత్రికుడు బస చేసిన గదిలోనే చూసి తెలుసుకోగలగాలి.

నాలుగవది. 1990ల నాటి వీహెచ్ఎస్ టేపులు, తర్వాతి మినీ డీవీ టేపులు తేమకు బూజు పడుతున్నాయి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. పాత పుష్కరాలు, నేడు లేని కళాకారుల నాటకాలు, హరికథలు వాటిలో ఉన్నాయి. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చడానికి నిధులు కేటాయించి, ఒక ప్రతిని గౌతమీ గ్రంథాలయంలో ఉంచాలి. టేపులు మేము ఉచితంగా ఇస్తాము. ఈ పని వాయిదాకు ఆగదు.

ఐదవది. కేబుల్ టెలివిజన్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ప్రసారం నిలిపివేయవలసి వస్తే, కారణాలు తెలిపే సంతకం ఉన్న ఉత్తర్వుతోనే నిలిపివేయాలని ఆపరేటర్లందరికీ తెలియజేయాలి. ఛానళ్ళ ప్రసారాలను చూసే జిల్లా పర్యవేక్షణ కమిటీని క్రమం తప్పకుండా సమావేశపరచాలి.

మా వంతు బాధ్యత మాకు ఉంది. 90 రోజుల రికార్డింగులు భద్రపరుస్తాము. ప్రకటనను ప్రకటనగానే చూపుతాము. తప్పు వార్త వెళితే మరుసటి బులెటిన్‌లో అదే సమయానికి సవరణ చదువుతాము. కమిటీ అడిగిన ఏ రికార్డునైనా సమర్పిస్తాము.

తమ పరిధిలోని మూడు, నాలుగు, ఐదు అంశాలపై నిర్ణయాన్ని, మొదటి రెండు అంశాలపై మంత్రిత్వశాఖకు పంపే సిఫారసు ప్రతిని మాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
రాజమహేంద్రవరం స్థానిక ఛానళ్ళ సిబ్బంది, ప్రేక్షకులు